వాలు డబ్బాకు పావురం తోక అతుకు

చెక్క డబ్బా ఎక్కడ ముందు ఊడుతుంది? పలక నడుమ ఊడదు. మూల దగ్గర ఊడుతుంది. రెండు పలకలు కలిసే చోట అతుకు గట్టిగా ఉంటే డబ్బా పదేళ్లు ఉంటుంది. అతుకు వదులైతే పది రోజులు కూడా ఉండదు.

కూరగాయలు అమ్మే ఒక అక్క ఉందనుకుందాం. ఆమె దగ్గర చెక్క డబ్బా ఉంది. దాని నాలుగు పక్కలూ బయటికి వాలి ఉన్నాయి. అడుగు చిన్నది, నోరు పెద్దది. ఇట్లాంటి డబ్బాతో లాభం ఉంది. చెయ్యి పెట్టి తీయడం సులువు. సరుకు అందరికీ కనబడుతుంది. ఖాళీ డబ్బాలను ఒకదాంట్లో ఒకటి పేర్చుకోవచ్చు.

అయితే ఆ డబ్బా మూలలకు మొలలు మాత్రమే కొట్టారు. ఒకరోజు ఐదు కిలోల టమాటాలు నింపి ఎత్తింది. మూల విచ్చుకుంది. టమాటాలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఆ రోజు లాభం పోయింది. పెట్టుబడి కూడా పోయింది.

తప్పు చెక్కది కాదు. తప్పు మూల దగ్గర ఉంది. మొల లేకుండానే మూలను గట్టిగా పట్టి ఉంచే పద్ధతి ఒకటి ఉంది. అదే పావురం తోక అతుకు. వడ్రంగులు దాన్ని డవ్‌టెయిల్ అంటారు. డవ్ అంటే పావురం. టెయిల్ అంటే తోక.

ఊరు మారింది, పని మారింది

గోపన్‌పల్లి హైదరాబాద్‌కు పడమటి దిక్కున ఉంది. రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలంలోని ఊరు. ఆ చుట్టుపక్కలే నల్లగండ్ల, గచ్చిబౌలి ఉన్నాయి. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని ఆవరణ గోపన్‌పల్లికి దగ్గరే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత పెద్ద పెద్ద ఆఫీసులు, అపార్టుమెంట్లు ఈ వైపు వచ్చాయి. 2024లో గోపన్‌పల్లి తండా దగ్గర ఫ్లైఓవర్ తెరిచారు.

పొలాలు ఉన్న రోజుల్లో తెలంగాణ పల్లెల్లో వడ్లాయన లేనిదే పని నడిచేది కాదు. నాగలి, గొర్రు, కాడి, ఎడ్లబండి, మంచం, దర్వాజ అన్నీ ఆయన చేతి పనే. పంట చేతికి వచ్చినప్పుడు రైతులు కల్లంలోనే గింజలు కొలిచి ఇచ్చేవారు.

ఆ పనిలో వాలు అతుకు కొత్తది కాదు. నాగలి దుంపను గుర్తు తెచ్చుకోండి. దానికి నొగ అడ్డంగా, సరి మూలగా కలవదు. వాలుగా కలుస్తుంది. ఆ వాలు తప్పితే నాగలి మరీ లోతుగా దిగుతుంది. లేకుంటే పైపైన గీకుతుంది. రెండూ నష్టమే. అందుకే వడ్లాయన బాడిశతో తొల తొలిచేటప్పుడు వాలు మీదనే కన్ను పెట్టేవాడు.

ట్రాక్టర్లు వచ్చాక నాగళ్ల పని తగ్గింది. పొలాలు పోయి ఇళ్లు లేచాక ఇంకా తగ్గింది. అల్మారాలు ఇప్పుడు ప్లైవుడ్‌తో చేస్తున్నారు. మరలతో కోస్తున్నారు, స్క్రూలతో బిగిస్తున్నారు. అయినా చేతి అతుకు విలువ పోలేదు. చెక్క అదే చెక్క. బరువు అదే బరువు. మూల ఊడే కారణం కూడా అదే.

మొల ఎందుకు వదులవుతుంది?

దీనికి చెక్క గుణం తెలియాలి. చెక్కలో నార ఉంటుంది. చెట్టు నిలువుగా పెరుగుతుంది కాబట్టి నార కూడా పొడవునా ఉంటుంది. పలక మీద కనబడే సన్న గీతలు ఆ నార దారే చెబుతాయి.

పొయ్యిలో కట్టెలు పెట్టే ప్రతి ఆడమనిషికీ ఈ సంగతి తెలుసు. కట్టెను నిలువుగా గొడ్డలితో కొడితే సులువుగా చీలుతుంది. అడ్డంగా కొడితే తొందరగా తెగదు. నార వెంబడి చెక్క చీలుతుంది. నారకు అడ్డంగా చెక్క గట్టిగా నిలుస్తుంది.

పలక చివర కోసిన భాగాన్ని కొన అందాం. కొనలో మొల కొడితే ఆ మొల నార పోగుల నడుమ దూరుతుంది. పోగులు దాన్ని గట్టిగా పట్టుకోలేవు. పైగా వానకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండకాలంలో ఆరి కుదించుకుంటుంది. ఇట్లా ఉబ్బి, కుదించుకుని మొల చుట్టూ సందు పడుతుంది. మొల తుప్పు పడుతుంది. చివరికి వేలితో లాగినా వస్తుంది.

పావురం తోక ఎట్లా పట్టుకుంటుంది?

పావురం తోక విప్పినప్పుడు చూడండి. ఒంటి దగ్గర సన్నగా ఉంటుంది. చివర వెడల్పుగా ఉంటుంది. పలక కొనను కూడా అదే ఆకారంలో కోస్తారు. ఒక పలకకు ఇట్లాంటి తోకలు రెండు మూడు ఉంటాయి. తోకకూ తోకకూ నడుమ సందు ఉంటుంది. రెండో పలకకు ఆ సందుల్లో సరిగ్గా కూర్చునే ముక్కలు ఉంటాయి. వాటిని పిన్నులు అంటారు.

తోకను పొడవునా లాగితే రాదు. ఎందుకంటే దాని చివర వెడల్పు, మొదలు సన్నం. వెడల్పు భాగం సన్నని సందులోంచి బయటికి రాలేదు. మంచం కోడులో పెట్టిన కుసి కూడా తొలలో కూర్చుంటుంది. కానీ కుసి తిన్నగా ఉంటుంది. చీల కొట్టకపోతే లాగినప్పుడు ఊడుతుంది. పావురం తోకకు దాని ఆకారమే చీల.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ అతుకు ఒక వైపు లాగితే రాదు. ఇంకో వైపు లాగితే వస్తుంది. టేబులు సొరుగు చూడండి. రోజూ ముందు పలకను పట్టి లాగుతారు. అందుకే సొరుగు ముందు పలకకు పిన్నులు పెడతారు. పక్క పలకలకు తోకలు పెడతారు. లాగినకొద్దీ తోకలు గట్టిగా పట్టుకుంటాయి. డబ్బాకు కూడా ఇదే లెక్క. చేత్తో పట్టుకుని ఎత్తే రెండు పలకలకు పిన్నులు ఉండాలి. మిగతా రెండు పలకలకు తోకలు ఉండాలి.

ఈ అతుకు చాలా పాతది. ఈజిప్టు దేశంలో వేల ఏళ్ల కిందటి సమాధుల్లో దొరికిన చెక్క సామానులో కూడా ఇది ఉంది.

తోక వాలు ఎంత?

తోక పక్కలు మరీ తక్కువ వాలుగా ఉంటే అతుకు జారిపోతుంది. మరీ ఎక్కువ వాలుగా ఉంటే తోక మూలలు విరుగుతాయి. అందుకే వడ్రంగులు ఒక లెక్క పెట్టుకున్నారు.

మెత్తని చెక్కకు 6కు 1.
గట్టి చెక్కకు 8కి 1.

6కు 1 అంటే ఏమిటి? 6 సెంటీమీటర్లు పొడవునా పోయేలోపల 1 సెంటీమీటరు పక్కకు జరగాలి. దీనికి కోణాలు కొలిచే పరికరం అక్కర లేదు. పాత అట్టముక్క చాలు. అట్ట మీద 6 సెంటీమీటర్ల గీత గీయాలి. దాని ఒక చివర నుంచి సరి మూలగా 1 సెంటీమీటరు గీత గీయాలి. రెండు గీతల చివర్లు కలపాలి. మూడు మూలల ముక్క వస్తుంది. కత్తెరతో కత్తిరిస్తే అదే అచ్చు.

సామాన్లు ప్యాక్ చేసి వచ్చే పెట్టెల పైన్ చెక్క మెత్తనిది. దానికి 6కు 1 సరిపోతుంది. తుమ్మ గట్టి చెక్క. దానికి 8కి 1 మేలు.

వాలు డబ్బాలో చిక్కు ఎక్కడ ఉంది?

మామూలు డబ్బాకు పక్కలు నిటారుగా ఉంటాయి. పలక కొనను గునియ పెట్టి సరి మూలగా కోస్తే చాలు. గునియను కొందరు మూలమట్టం అంటారు. వాలు డబ్బాలో అట్లా కాదు. పలక బయటికి వాలుతుంది. పైన పొడవు ఎక్కువ, కింద పొడవు తక్కువ. కొన కూడా వాలుగా ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. వాలుగా ఉన్న కొనకు సరి మూలగా తోకలు గీస్తారు. చూడడానికి అందంగానే ఉంటుంది. కానీ తోక నార దారి తప్పి ఒక పక్కకు ఒరుగుతుంది. కింద చెప్పబోయే డబ్బాలో కొన వాలు సుమారు 14 డిగ్రీలు. తోక పక్క వాలు సుమారు 9న్నర డిగ్రీలు. రెండూ కలిపితే 23న్నర డిగ్రీలు. అంటే తోక ఒక పక్కన నార బాగా ఏటవాలుగా తెగుతుంది. ఆ పక్క మూలలో పోగులు పొట్టివి అవుతాయి. దెబ్బ తగలగానే ఆ మూల రాలిపోతుంది.

అందుకే ఒక్క మాట పట్టుకోవాలి. కొన ఎటు వాలినా సరే, తోక నడిమి గీత నార వెంబడే పోవాలి. నార వెంబడి అంటే పలక పొడవాటి అంచుకు సమానంగా. అచ్చును వాలు కొన మీద ఆనించకూడదు. నడిమి గీత మీద ఆనించాలి.

ఒక డబ్బా కొలతలు

ఒక చిన్న డబ్బా లెక్క ఇది.

పలకలు 4.
పలక మందం 16 మిల్లీమీటర్లు.
పలక వెడల్పు 12 సెంటీమీటర్లు.
కింద పొడవు 30 సెంటీమీటర్లు.
పైన పొడవు 36 సెంటీమీటర్లు.

పైన ఎంత ఎక్కువ? 36లోంచి 30 తీస్తే 6. ఆ 6ను రెండు చివర్లకూ పంచితే ఒక్కో చివర 3. అంటే 12 సెంటీమీటర్ల వెడల్పుకు 3 సెంటీమీటర్లు బయటికి వాలుతుంది. 12కు 3 అంటే 4కు 1.

చెక్క ఎంత కావాలి? ఒక్కో పలకకు 36 సెంటీమీటర్లు. నాలుగింటికి 144 సెంటీమీటర్లు. రంపం కోతకు కొంత పోతుంది. 150 సెంటీమీటర్లు తీసుకోవాలి. అది సుమారు 5 అడుగులు. దుకాణంలో 8 అడుగులు కావాలని చెబితే ఈ లెక్క చూపించి అడగవచ్చు.

కావలసిన పనిముట్లు

సన్న పళ్ల రంపం, రందా, 6 మిల్లీమీటర్ల ఉలి, కొయ్య సుత్తి, గునియ, స్కేలు, సన్నగా చెక్కిన పెన్సిలు, పదునైన చాకు, అట్ట అచ్చు, చెక్క జిగురు, ఒక తాడు. పలకను కదలకుండా పట్టే శికంజా ఉంటే మంచిది.

ఉలి పదునుగా ఉండాలి. మొద్దు ఉలితోనే ఎక్కువ గాయాలవుతాయి. దాన్ని బలంగా తొయ్యాల్సి వస్తుంది, అప్పుడు జారుతుంది. ఉలి ముందు ఎప్పుడూ చెయ్యి పెట్టకూడదు. రెండు చేతులూ ఉలి వెనకే ఉండాలి. చిన్న పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

మొదటి మెట్టు: అంచులు వాలుగా చేయడం

పలక వాలినప్పుడు దాని కింది అంచు నేల మీద సరిగ్గా కూర్చోదు. ఒక్క మొనే నేలకు తగులుతుంది. అందుకే ముందుగా అంచులకు రందా పట్టాలి.

పలకను 12 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్ల వెడల్పుతో తీసుకోవాలి. కింది అంచులో బయటి వైపు 4 మిల్లీమీటర్లు తగ్గించాలి. పై అంచులో లోపలి వైపు 4 మిల్లీమీటర్లు తగ్గించాలి. 16కు 4. ఇది కూడా 4కు 1 లెక్కే. రందా పట్టాక రెండు అంచులూ ఒకే వాలులో ఉంటాయి. పలక వెడల్పు 12 సెంటీమీటర్లు మిగులుతుంది.

ఈ పని ముందే చేస్తే తరువాతి గీతలన్నీ సులువవుతాయి.

రెండో మెట్టు: కొన గీయడం

కింది అంచు మీద 30 సెంటీమీటర్లు గుర్తు పెట్టాలి. పై అంచు మీద 36 గుర్తు పెట్టాలి. రెండు చివర్లా పై గుర్తు కింది గుర్తు కంటే 3 సెంటీమీటర్లు బయటికి రావాలి.

గునియను అంచు మీద పెట్టి ఆ గుర్తుల దగ్గర అడ్డ గీత గీయాలి. తరువాత కింది గుర్తును, పై గుర్తును స్కేలుతో కలపాలి. బయటి ముఖం మీదా, లోపలి ముఖం మీదా అట్లాగే కలపాలి. ఇప్పుడు పలక చుట్టూ గీత వస్తుంది. ఆ గీత మీదుగా కోయాలి. నాలుగు పలకలూ ఒకేలా ఉండాలి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోవాలి.

మూడో మెట్టు: హద్దు గీత

కొన నుంచి లోపలికి 16 మిల్లీమీటర్ల దూరంలో ఇంకో గీత గీయాలి. అది కొనకు సమానంగా వాలుగానే ఉండాలి. పలక మందం ఎంతో ఆ దూరం అంతే. నాలుగు పలకలకూ రెండు చివర్లా, రెండు ముఖాల మీదా గీయాలి. ఇది హద్దు గీత. కోత దీన్ని దాటకూడదు. పొలం గట్టు దాటితే తగాదా వస్తుంది. ఈ గీత దాటితే అతుకులో సందు పడుతుంది.

నాలుగో మెట్టు: తోకలు గీయడం

రెండు పలకలు తీసుకోవాలి. వీటికే తోకలు. 12 సెంటీమీటర్లు అంటే 120 మిల్లీమీటర్లు. దాన్ని ఇట్లా పంచాలి.

అంచు దగ్గర 7.
తోక 30.
సందు 8.
తోక 30.
సందు 8.
తోక 30.
అంచు దగ్గర 7.

అన్నీ కూడితే 120. కూడి చూసుకోవాలి. ఒక్క అంకె తప్పినా చివరి తోక చిన్నదవుతుంది.

ప్రతి తోకకూ నడిమి గీత గీయాలి. ఆ గీత పలక అంచుకు సమానంగా ఉండాలి. ఇప్పుడు అట్ట అచ్చు తీసుకోవాలి. దాని 6 సెంటీమీటర్ల పక్కను నడిమి గీతకు సమానంగా పెట్టాలి. ఏటవాలు పక్క వెంబడి తోక ఒక పక్క గీయాలి. అచ్చును తిరగేసి రెండో పక్క గీయాలి. కొన దగ్గర తోక వెడల్పు, హద్దు గీత దగ్గర సన్నం.

ఇక పలక కొన మీద కూడా గీతలు వెయ్యాలి. ఆ గీతలు ముఖానికి సరి మూలగా ఉండవు. రందా పట్టిన అంచు ఎంత వాలుగా ఉందో అంత వాలుగా ఉంటాయి. ఎందుకంటే ఒక పలక ఇంకో పలకలోకి ఆ దారిలోనే జారి కూర్చుంటుంది. గుర్తు పెట్టుకోవడానికి ఇంత చాలు:

ముఖం మీద నడిమి గీత నార వెంబడి.
కొన మీద గీత అంచు వెంబడి.

ఐదో మెట్టు: తోకలు కోయడం

తీసేసే ముక్కల మీద పెన్సిలుతో కొట్టివేత గుర్తు పెట్టాలి. లేకుంటే ఉంచాల్సిన ముక్కను కోసేయడం జరుగుతుంది. రంపాన్ని గీత మీద పెట్టకూడదు. గీతకు పక్కన, తీసేసే ముక్క వైపు పెట్టాలి. గీత మిగలాలి. హద్దు గీత దగ్గర ఆగాలి.

తరువాత ఉలితో సందుల్లో ముక్కలు తీయాలి. ముందు ఒక ముఖం నుంచి సగం మందం వరకే కొట్టాలి. పలక తిప్పి రెండో ముఖం నుంచి మిగతా సగం తీయాలి. ఒకే వైపు నుంచి కొడితే అవతలి ముఖం పెచ్చు లేస్తుంది.

ఆరో మెట్టు: పిన్నులు గీయడం

పిన్నులను కొలిచి గీయకూడదు. తోకలను చూసి గీయాలి. తోకలు ఎట్లా తెగాయో పిన్నులు అట్లాగే రావాలి.

పిన్నుల పలకను శికంజాలో బిగించాలి. దాని కొన మట్టంగా ఉండేటట్టు పలకను కొంచెం వంచి బిగించాలి. తోకల పలక లోపలి ముఖాన్ని ఆ కొన మీద పరచాలి. పై అంచులు రెండూ ఒకే వరుసలో ఉండాలి. తోకల హద్దు గీత కింది పలక లోపలి ముఖానికి సరిపోవాలి. ఇద్దరుంటే ఒకరు పట్టుకోవాలి, ఒకరు గీయాలి. చాకు మొనతో తోకల చుట్టూ గీయాలి. పెన్సిలు గీత లావు. చాకు గీత సన్నం.

ఆ గుర్తుల నుంచి రెండు ముఖాల మీదా హద్దు గీత వరకు గీతలు దించాలి. ఇవి కూడా అంచుకు సమానంగా, నార వెంబడే దిగాలి. ఇక్కడ కూడా తీసేసే ముక్క వైపే రంపం పెట్టాలి.

ఏడో మెట్టు: కూర్చడం

జిగురు పెట్టకముందు ఒకసారి కూర్చి చూడాలి. కొయ్య సుత్తితో మెల్లగా తట్టాలి. ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడ చెక్క మెరుస్తుంది. ఆ చోట ఉలితో పొరలాగా తీయాలి. ఎక్కువ తీస్తే తిరిగి పెట్టలేరు.

సరిపోయాక జిగురు రాసి నాలుగు పలకలూ కూర్చాలి. వాలు పలకల మీద శికంజా జారిపోతుంది. అందుకే చుట్టూ తాడు కట్టి, చిన్న కట్టె పెట్టి మెలి తిప్పి బిగించాలి. మూలలకు గుడ్డ ముక్కలు పెడితే తాడు చెక్కను కోయదు.

డబ్బా వంకరగా ఉందేమో చూడాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలవాలి. దాన్ని ఐమూల కొలత అంటారు. ఈ డబ్బా నోటి దగ్గర అది సుమారు 51 సెంటీమీటర్లు. రెండు ఐమూలలూ సమానమైతే డబ్బా సరిగ్గా ఉంది. ఒకటి ఎక్కువైతే ఆ మూలలను మెల్లగా నొక్కాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి. తరువాత అడుగున పలక బిగించాలి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

అందరూ రంపం పట్టాలని లేదు. కానీ సామాను అందరూ కొంటారు. పెట్టె, సొరుగు, డబ్బా కొనేటప్పుడు మూల చూడాలి. తోకలు, పిన్నులు కనబడుతున్నాయా? వాటి నడుమ సందు ఉందా? సందులో మైనం, రంపపు పొట్టు కూరి రంగు వేశారా? తోక మూలలో నార గీతలు ఎటు పోతున్నాయి? సొరుగైతే లాగే పలకకు పిన్నులు ఉన్నాయా?

రంగు అందంగా ఉందని ధర ఎక్కువ ఇవ్వకూడదు. బరువు మోసేది రంగు కాదు, అతుకు. "మూల ఎట్ల కలిపినవు అన్నా? మొలలా, డవ్‌టెయిలా?" అని ఒక్క మాట అడిగితే చాలు. అమ్మే మనిషికి అర్థమవుతుంది, కొనే మనిషికి తెలుసునని.

ఇది మగవాళ్ల పనేనా?

"రంపం, ఉలి ఆడవాళ్లు పట్టుకుంటారా?" అని అడిగేవాళ్లు ఉంటారు. నెల్లూరు ప్రాంతంలో ఉదయగిరి అనే ఊరు ఉంది. అక్కడ చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తారు. ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. కృష్ణా తీరాన కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేస్తారు. వాటికి రంగులు వేసే పనిలో ఆడవాళ్ల చెయ్యి ఉంది.

పావురం తోక అతుకుకు కావలసింది కండ బలం కాదు. రంపం పదునుగా ఉంటే మెల్లగా లాగినా తెగుతుంది. కావలసింది ఓపిక, సరైన కొలత. ఓపిక ఆడవాళ్లకు కొత్త కాదు. ముగ్గులో చుక్కలు సమానంగా పెట్టే చేతికి గీతలు కష్టం కాదు. ఇక కొలతకు అంకెలు కావాలి. 30, 36, 12, 3. ఈ నాలుగు అంకెలు చదవడం వస్తే డబ్బా వాలు చేతికి వచ్చినట్టే. స్కేలు మీద గీతలు చదవలేని రోజుల్లో "ఎంతైతది?" అని ఇంకొకరిని అడగాల్సి వచ్చేది. చదవడం వచ్చినవాళ్లు తామే కొలిచి, తామే లెక్క చెప్పవచ్చు.

చేసి చూడండి

1. అట్టతో 6కు 1 అచ్చు, 8కి 1 అచ్చు చేయండి. రెండూ పక్కపక్కన పెట్టండి. ఏది ఎక్కువ వాలుగా ఉంది?

2. పాత అట్టపెట్టె నుంచి నాలుగు ముక్కలు కోయండి. వెడల్పు 12, కింద 30, పైన 36 సెంటీమీటర్లు. మూలలు దారంతో కుట్టండి. వాలు డబ్బా వస్తుంది. చెక్క కొనేముందు ఆకారం తెలుస్తుంది.

3. వెడల్పు 12 అలాగే ఉంచి, కింద పొడవు 40 సెంటీమీటర్లు చేయాలి. వాలు మారకూడదు. అప్పుడు పైన పొడవు ఎంత ఉండాలి?

4. మీ ఇంట్లో ఒక సొరుగు గాని, పెట్టె గాని తీసి మూల చూడండి. అతుకు మొలదా, తోకదా? ఇంట్లో వాళ్లకు చూపించి, ఎందుకు గట్టిగా ఉందో, ఎందుకు వదులైందో చెప్పండి.